హీటరు దాచితే మంట దాగదు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మీరు ఫోన్ చేసినప్పుడు మొదట నవ్వొచ్చింది. నేను కవిని కాను, కథకుణ్ణీ కాను. ఇక్కడే పదో తరగతి చదివి, ఆ తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, ఇరవై ఏళ్ళకు పైగా ఇళ్ళకు వైరింగు చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. టెస్టరు పట్టుకునే చేత్తో పెన్ను పట్టుకుని ఏం రాయను అనుకున్నాను. మన హాస్టల్ గొప్పతనం గురించి, మన గురువుల గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నాకు తెలిసింది కరెంటు ఒక్కటే. అందుకే కరెంటు గురించే రాస్తున్నాను. ఇందులో ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పని సంగతి కూడా ఒకటుంది.

మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చలి ఎట్లాంటిదో ఈ సంచిక చదివేవాళ్ళకు చెప్పనక్కర లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో పది డిగ్రీల కిందికి దిగిపోవడం మనకు మామూలే. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత అని పేపర్లో పడితే ఆ పక్కన గిన్నెదరో, సిర్పూర్ (యు)నో ఉంటుంది. తెల్లవారుజామున అయిదు గంటలకు స్టడీ అవర్ బెల్లు, ఆరు దాటితే నల్లా దగ్గర వరుస. సిమెంటు తొట్టిలో రాత్రంతా నిలిచిన నీళ్ళు. మొదటి మగ్గు వీపు మీద పడగానే ఊపిరి ఆగినట్టయ్యేది. స్నానం ఎగ్గొట్టి ముఖం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని, తలకు నూనె రాసుకుని ప్రేయరుకు పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

1997 డిసెంబరులో మా టెన్త్ బ్యాచ్‌లో అయిదుగురం తలా ఇంత కాస్మెటిక్ డబ్బులు పోగేసి అంగట్లో ఒక హీటరు పొయ్యి కొన్నాం. ఇప్పటి పిల్లలు చూసి ఉండకపోవచ్చు. గుండ్రటి మట్టి పలక, దాని గాడుల్లో చుట్టలు చుట్టిన కాయిలు, కింద ఇనుప స్టాండు. కరెంటు ఇస్తే కాయిలు ఎర్రగా కాలుతుంది. దానికి ప్లగ్గు లేదు. రెండు తీగల చివర్లు సాకెట్ రంధ్రాల్లో పెట్టి, కదలకుండా అగ్గిపుల్లలు దోపేవాళ్ళం. హాలుకంతటికీ ఉన్నది అదొక్కటే సాకెట్. రాత్రి అందరూ పడుకున్నాక గిన్నెలో నీళ్ళు కాచుకునేవాళ్ళం, ఒక్కోసారి గుడ్లు ఉడకబెట్టుకునేవాళ్ళం. మాకంటే ముందు బ్యాచ్ వాళ్ళకు ఈ భాగ్యం కూడా లేదు. రెండు షేవింగు బ్లేడ్ల మధ్య పుల్లలు పెట్టి దారంతో కట్టి, తీగలు తగిలించి నీళ్ళలో వేసేవాళ్ళు. ఆ నీళ్ళలో వేలు పెట్టి చూసిన వాళ్ళు ఇప్పటికీ బతికి ఉన్నారంటే అది అదృష్టం తప్ప మరేమీ కాదు.

ఒక రాత్రి నీళ్ళు కాగుతుండగా వరండాలో టార్చి వెలుగు కనిపించింది. వార్డెన్ సారు రౌండ్‌కు వస్తున్నారని ఎవరో అన్నారు. నేను తీగలు పీకేసి, హీటరును నా ట్రంకు పెట్టె వెనక్కి తోసేశాను. ఆ పెట్టెకూ గోడకూ మధ్య మడతపెట్టిన కార్పెట్లు, పాత నోటుబుక్కులు ఉన్నాయి. కాయిలు ఎర్రదనం తగ్గింది కానీ వేడి తగ్గలేదు. మట్టి పలక పొయ్యి రాయి లాంటిది, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. ఆ రోజుల్లో నాకది తెలియదు. సారు వచ్చారు, చూశారు, అందరం నిద్ర నటించాం, వెళ్ళిపోయారు. నేను నిజంగానే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి హాలు నిండా పొగ. కళ్ళు మంట, గొంతులో పిడచ. కార్పెట్టు రాజుకుని నెమ్మదిగా కాలుతోంది. నా పక్కన పడుకునే మిత్రుడు అందరికంటే ముందు లేచాడు. ఒట్టి చేతులతో ఆ కార్పెట్టును, దానితోపాటు హీటరును బయటికి ఈడ్చాడు. ఆ కార్పెట్టుకు పూసిన ప్లాస్టిక్ లాంటి పొర కరిగి అతని కుడిచేతికి అంటుకుంది. మంట ఆగిపోయింది. హాలులో అరవైమంది పిల్లలం ఉన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు, అతనికి తప్ప.

ఆ తర్వాత మేం చేసింది ఇంకా పెద్ద తప్పు. సారుకు తెలిస్తే హాస్టల్ నుంచి పంపించేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. అతని చేతికి టూత్‌పేస్టు పూశాం. గుడ్డ చుట్టాం. కాలిన కార్పెట్టును బావి వెనక పాతిపెట్టాం. నాలుగో రోజుకు చెయ్యి వాచి చీము పట్టింది. సైకిల్ మీంచి పడ్డానని చెప్పి అతను ఇంటికి వెళ్ళిపోయాడు. మార్చిలో పబ్లిక్ పరీక్షలకు రాలేదు. మరుసటి ఏడు ప్రైవేటుగా ఫీజు కట్టి పాసయ్యాడు. కానీ హాస్టల్లో అప్పటికి సీటు లేదు, కాలేజీ హాస్టల్‌కు పోయే మా బ్యాచ్‌తో అతను రాలేదు. ఎవరు దాచారని అతను ఎన్నడూ అడగలేదు. దాచింది నేనే. పేరు రాయను. ఈ సంచిక చేతికి అందితే అతనికే తెలుస్తుంది.

ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే, వృత్తిలోకి వచ్చాక తెలిసిన విషయం ఒకటుంది. ఆ రాత్రి మంట పెట్టింది హీటరు కాదు, దాన్ని దాచడం. ఎదురుగా నేల మీద ఉంటే అది చల్లారిపోయేది. ఈ మాట హాస్టళ్ళకే కాదు, మన ఇళ్ళకూ వర్తిస్తుంది.

పోయిన చలికాలం పనిమీద ఆ దారిన వెళ్తూ మన హాస్టల్‌కు వచ్చాను. గోడ మీద పెద్ద అక్షరాలతో హీటర్లు, రాడ్లు వాడరాదని రాసి ఉంది. మంచిదే. కానీ ఒక తమ్ముడు తన బట్టల సంచిలోంచి రాడ్డు తీసి చూపించాడు. 'అన్నా, పొద్దున నీళ్ళు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతున్నయ్. సారుకు మాత్రం చెప్పకు' అన్నాడు. ఆ రాడ్డు హ్యాండిల్ పగిలి టేపు చుట్టి ఉంది. తడి ఆరకుండానే బట్టల్లో చుట్టి పెట్టాడు. నేను సారుకు చెప్పలేదు. ఇప్పుడు పేరు లేకుండా చెబుతున్నాను.

వార్డెన్లను నేను తప్పు పట్టను. రేపు ఏదైనా జరిగితే సస్పెండయ్యేది వాళ్ళే. నిషేధించడం వాళ్ళ బాధ్యత. అయితే వేడినీళ్ళు ఇవ్వకుండా రాడ్డును మాత్రమే నిషేధిస్తే రాడ్డు పోదు, మంచం కిందికి పోతుంది. బోర్డు దగ్గర అందరి కళ్ళముందు వాడే రాడ్డు కంటే సంచిలో దాచిన రాడ్డు పది రెట్లు ప్రమాదం. ఎందుకంటే దాచిన వస్తువుకు ఎవరూ మరమ్మతు చేయించరు. దానికి పగిలిన ప్లగ్గే ఉంటుంది. గబగబా పీకడమే ఉంటుంది.

ఇక రాడ్డు లెక్క చూద్దాం. ఇది టెన్త్ పిల్లలందరూ చేయగలిగిన లెక్కే. 1500 వాట్ల రాడ్డును 230 వోల్టుల మీద పెడితే ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోను చార్జరు, టేబుల్ ఫ్యాను పెట్టే చిన్న సాకెట్ సామర్థ్యం ఆరు ఆంపియర్లు. పాతవైతే అయిదు. అంటే అసలు రాడ్డు ఆ సాకెట్‌లో పెట్టేదే కాదు, పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్‌లో పెట్టాలి. పెద్ద పిన్నులు పట్టవు కాబట్టి చవక కన్వర్షన్ ప్లగ్గు కొని దాన్ని చిన్న సాకెట్‌కు తగిలిస్తాం. ఆ ప్లగ్గు పిన్నులను మార్చగలదు కానీ గోడలో ఉన్న తీగను మందం చేయలేదు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. జౌల్ నియమమని మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది, మార్కులకోసం బట్టీ కొట్టేది అదే. నేను దాన్ని నల్లబడిన బోర్డుల్లో చూస్తుంటాను.

ఎక్కడైనా ఇల్లు కాలితే మర్నాడు పేపర్లో 'షార్ట్ సర్క్యూట్ వల్ల' అని వస్తుంది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పిడుగు పడింది, దేవుడు చేశాడు అన్నట్టే ఉంటుంది ఆ మాట. అక్కడితో ఫైలు మూతపడుతుంది. షార్ట్ సర్క్యూట్ అంటే రెండు తీగలు ఒకదానికొకటి తగలడం. అవి ఎందుకు తగిలాయి? మీద ఉన్న ప్లాస్టిక్ కరిగింది కాబట్టి. ఎందుకు కరిగింది? తీగ మోయలేని బరువు దానిమీద పెట్టారు కాబట్టి, లేదా ఎక్కడో స్క్రూ వదులై ఆ చోట నెలల తరబడి వేడెక్కుతూ ఉంది కాబట్టి. మరి ఫ్యూజు ఎందుకు కాపాడలేదు? ఎందుకంటే అది మాటిమాటికీ పోతోందని ఎవరో పుణ్యాత్ముడు సన్నటి ఫ్యూజు వైరు తీసేసి నాలుగు రాగి తీగలు మెలిపెట్టి బిగించాడు. ఫ్యూజు పోవడం లోపం కాదు. అది చేయాల్సిన పని అదే. ఇంట్లో వాళ్ళ ప్రాణాలకోసం తాను కాలిపోయే తీగను మనమే బయటికి తోసేసి, ఆ కాలే పనిని గోడలో ఉన్న తీగకు అప్పజెబుతున్నాం.

మూడేళ్ళ కింద మా మండలంలో ఒక ఇల్లు కాలితే కొత్త వైరింగు వేయమని నన్ను పిలిచారు. రెండు గదుల ఇల్లు. చలికి తలుపులు మూసుకుని తల్లీ, ఇద్దరు పిల్లలు పడుకున్నారు. పొగ వాసనకు తల్లి లేచింది, ముగ్గురూ బయటపడ్డారు. ప్రాణాలు దక్కాయి. నేను వెళ్ళేసరికి బోర్డు ఉన్నచోట గోడ మీద నల్లటి నాలుక లాంటి మరక. సాయంత్రం రాడ్డు వాడిన ఎక్స్‌టెన్షన్ బాక్సును మంచం కిందికి నెట్టి, దానికే టీవీ, ఫోన్లు పెట్టారు. ఫ్యూజులో నేను చెప్పిన నాలుగు రాగి తీగలే. పెద్ద కొడుకు మనలాగే హాస్టల్లో చదివినవాడు. అతని టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం అన్నీ పెట్టెలో కాలిపోయాయి. బియ్యం, బట్టలు పోయినందుకు ఎవరూ ఏడవలేదు. ఆ కాగితాలకోసం ఆ పిల్లవాడు ఏడ్చాడు. మన ఇళ్ళల్లో ఉన్న ఆస్తి అదే కదా. డూప్లికేట్లకోసం అతను తిరిగిన ఆఫీసుల గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. కనీసం ఇప్పుడు డిజీలాకర్ అనేది ఉంది, వచ్చే సర్టిఫికెట్లను అందులో ఉంచుకోండి. రానివాటిని ఫోటో తీసి స్నేహితుడి ఫోనుకు కూడా పంపండి.

మన ఇళ్ళలో వైరింగు ఎందుకింత బలహీనంగా ఉంటుంది అన్నదీ ఆలోచించాలి. మన వాడలకు కరెంటు స్తంభం ఊరి తర్వాతే వచ్చింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ కిందే విద్యుత్తు విషయాలు కూడా ఉండేవని, ఈ దేశ విద్యుత్ విధానానికి పునాదులు పడుతున్న కాలంలో ఆయన అక్కడ కూర్చున్నారని మనలో చాలామందికి తెలియదు. అయినా మన గుడిసెలకు అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. 1988–89లో కేంద్రం కుటీర జ్యోతి పథకం పెట్టి పేదల ఇళ్ళకు ఒక బల్బు కనెక్షన్ ఇచ్చింది. ఒక్క బల్బు. దానికి సరిపడా సన్నటి తీగ, ఒక హోల్డరు, ఒక స్విచ్చు. చాలా ఇళ్ళలో ఆ తీగ ఇంకా ఉంది. తర్వాత వచ్చిన టీవీ, మిక్సీ, ఫ్రిజ్, ఇప్పుడు వాటర్ హీటరు అన్నీ ఆ బల్బు తీగ మెడకే వేలాడుతున్నాయి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన వాళ్ళకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వచ్చింది. మంచి పని, కట్టెలు ఏరుకునే మన తల్లుల నడుములకు అది నిజమైన విశ్రాంతి. అయితే బిల్లు మాఫీ అయింది కానీ తీగ మారలేదు. నా అభిప్రాయం చెప్పమంటే, ఉచిత యూనిట్లతో పాటు పాత ఒక బల్బు ఇళ్ళకు ఒకసారి వైరింగు మార్చి, ఎర్తింగు చేసి, ఆర్‌సీసీబీ బిగించి ఇవ్వడం కూడా సంక్షేమమే. అడగాల్సిన విషయమే ఇది, గ్రామసభలో మనం అడగడం లేదు.

కరెంటు ఒక్కటే కాదు, కుంపటి సంగతీ చెప్పాలి. మా చెల్లె కానుపుకు వచ్చినప్పుడు జనవరి నెల. మా అమ్మ బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, గాలి తగలొద్దని కిటికీకి గోనెసంచి కట్టి, తలుపు మూసింది. నేను లోపలికి పోగానే తల దిమ్మెక్కింది.

'అమ్మా, ఈ కుంపటి తీసెయ్యి, లేకుంటే కిటికీ అన్న తెరువు' అన్నాను.

'ఏం గాదు కొడుకా, మా అత్త నాకు గిట్లనే పెట్టింది. నువ్వు పుట్టినప్పుడు గూడ గిట్లనే' అంది.

'అప్పుడు మనది గడ్డి గుడిసె అమ్మా, సందుల్లోంచి గాలి వచ్చేది. ఇది స్లాబు ఇల్లు, గాలి ఎటు రావాలె?'

ఆమె కాసేపు ఆలోచించి గోనెసంచి విప్పింది. నేను చెప్పిన సైన్సుకు కాదు, గడ్డి గుడిసె మాటకు ఒప్పుకుంది. బొగ్గు సరిగా గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, మత్తు, ఆ మత్తులోనే నిద్ర. లేవరు. ఉత్తరాదిన ప్రతి చలికాలమూ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారి శవాలై కనిపించిన వార్తలు వస్తూనే ఉంటాయి. స్లాబు ఇళ్ళు కట్టుకున్నాక మనకూ ఆ ప్రమాదం వచ్చింది. గది వెచ్చబడ్డాక కుంపటిని వాకిట్లో పెట్టేసి పడుకోవాలి. కిటికీ జానెడు తెరిచే ఉంచాలి. వేలాడే చీర కొంగు, దుప్పటి అంచు నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

సంక్రాంతి సెలవులకు మీరు ఇంటికి వెళ్తారు. ఇంట్లో చదువుకున్నవాళ్ళు మీరే, మీటరు మీద ఏం రాసి ఉందో చదవగలిగింది మీరే. ఒక గంట నా పని చేయండి. ముందుగా ఒక మాట, ఏ బోర్డూ విప్పకండి, కళ్ళతో, ముక్కుతో, చెవితో చూస్తే చాలు. రాడ్డో ఇస్త్రీ పెట్టెనో వాడి స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాక దాని ఒంటిని అరచేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చురుక్కుమంటే లోపల స్క్రూ వదులైందని అర్థం. సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక, కాలిన ప్లాస్టిక్ వాసన, స్విచ్చి వేస్తే చిటచిట శబ్దం, రాడ్డు పెట్టగానే బల్బు మసకబారడం, ఇవన్నీ ఇల్లు మనతో చెబుతున్న మాటలే. ఇట్లాంటి వదులు స్క్రూ దగ్గర పుట్టే వేడికి ఎంసీబీ కూడా పడిపోదని గుర్తుంచుకోండి, ఎందుకంటే అక్కడ కరెంటు ఎక్కువ పోవడం లేదు, ఒకేచోట వేడి పుడుతోంది అంతే. కాబట్టి కొత్త ఎంసీబీ ఉందని ధీమాగా ఉండొద్దు. మూడో పిన్నుకు, అంటే ఎర్తుకు, అసలు తీగ ఉందో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత చాలా ఇళ్ళకు లేనే లేదు.

రాడ్డు వాడక తప్పకపోతే ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 368 అనే అంకె ఉన్నది కొనండి. రాడ్డు నీళ్ళలో మునిగాకే స్విచ్చి వేయాలి, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్ళు పదిహేను డిగ్రీల నుంచి నలభై అయిదుకు రావడానికి 1500 వాట్ల రాడ్డుకు ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చోండి. రాడ్డు పెట్టి పాలకు పోయినవాళ్ళ బకెట్లే కరుగుతాయి. నీళ్ళు ఉడికి తగ్గినా, బకెట్టు ఒరిగినా, గాలిలో ఉన్న రాడ్డు నిమిషాల్లో ఎర్రబడుతుంది. ఫోను దిండు కింద పెట్టి చార్జింగు చేయడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ వేడి బయటికి పోయే దారి లేదు అంతే.

ఒకవేళ మంట లేస్తే మొదట మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలియాలి. కరెంటు ఉన్నంతసేపు నీళ్ళు చల్లకూడదు, ఇసుకో మట్టో వేయాలి. ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలినచోట ఇరవై నిమిషాలు ధారగా మామూలు నీళ్ళు పోయాలి. టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, నెయ్యి వద్దు. ఈ ముక్క నాకు 1997లో తెలిసి ఉంటే ఒక చెయ్యి మానేది. ఫైర్ స్టేషన్‌కు 101, అంబులెన్స్‌కు 108, ఏదీ గుర్తు రాకపోతే 112.

మంట కంటే ముందు చంపేది పొగ. ఢిల్లీలో అనాజ్ మండీ అనే చోట 2019 డిసెంబర్ 8న తెల్లవారుజామున ఒక భవనంలో మంటలు లేచి, లోపల పడుకున్న కార్మికులు 43 మంది చనిపోయారు. ఎక్కువమంది కాలి కాదు, ఊపిరాడక పోయారు. అక్కడ కూడా షార్ట్ సర్క్యూట్ అన్నారు. బయటికి రావడానికి దారి ఉందా, కిటికీకి ఊచలు ఎందుకు అన్న ప్రశ్నలు తర్వాత వచ్చాయి. తమిళనాడు కుంభకోణంలో 2004 జులై 16న బడి వంటపొయ్యి నుంచి ఆకుల పైకప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఈ రెండు సంగతులూ నేను మన హాస్టల్‌ను చూసినప్పుడల్లా గుర్తొస్తాయి. మన హాలు కిటికీలన్నిటికీ ఊచలున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు గేటుకు తాళం పడుతుంది. ఆ తాళంచెవి వాచ్‌మన్ నడుముకు ఉంటుంది, వాచ్‌మన్ ఎప్పుడు ఎక్కడ ఉంటాడో మనకు తెలుసు. తాళం వేయొద్దని అనను, పిల్లల భద్రతకోసమే అది. రెండో తాళంచెవి హాలు లోపల, అద్దం పెట్టెలో, అందరికీ కనిపించేచోట ఉండాలని మాత్రం గట్టిగా అంటాను.

అసలు పరిష్కారం వేడినీళ్ళు. ఇరవైమంది పిల్లలు ఒకేసారి రాడ్లు పెడితే 30 కిలోవాట్లు, అంటే 130 ఆంపియర్లు. మామూలు హాస్టల్ సర్వీసు తీగ దాన్ని మోయలేదు. అదే వందమందికి తలా పదిహేను లీటర్ల గోరువెచ్చని నీళ్ళు కావాలంటే 1500 లీటర్లు. సోలార్ హీటరులో 60 డిగ్రీల నీళ్ళు వెయ్యి లీటర్లు ఉంటే చాలు, వాటికి 15 డిగ్రీల చన్నీళ్ళు 500 లీటర్లు కలిపితే సరిగ్గా 45 డిగ్రీలవుతాయి. మన దగ్గర చలి ఎక్కువగా ఉండే రోజుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మబ్బు లేకపోవడం వల్లనే రాత్రి నేల వేడి పైకి పోయి అంత చలి పుడుతుంది. పగలు ఎండ మాత్రం దండిగా ఉంటుంది. అంటే చలి ఎక్కువున్న రోజే సోలారు బాగా పనిచేస్తుంది. అది వచ్చేదాకా వంటగది వెనక పెద్ద కాగు పెట్టి, పొద్దున వంట చేసిన పొయ్యి నిప్పుల మీదే నీళ్ళు కాచి, టెన్త్ పిల్లలకైనా తలా అర బకెట్టు ఇవ్వొచ్చు. మా అమ్మ మా ఇంట్లో అయిదుగురికి ఒక్క కాగుతో అట్లాగే సరిపెట్టేది. కామాటి మీద మరో పని వేస్తున్నామన్నది నాకు తెలుసు, ఆమెకు తోడుగా రోజుకు ఇద్దరు పిల్లలు వంతులవారీగా ఉంటే సరిపోతుంది.

నేను చేయగలిగింది ఒకటుంది. ఈ సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ ఖాళీగా ఉంటుంది. వార్డెన్ సారు అనుమతి ఇప్పిస్తే రెండు హాళ్ళ బోర్డులు విప్పి వదులు స్క్రూలన్నీ బిగిస్తాను, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు రెండు పెడతాను, స్నానాల గదుల పక్కన ఎర్తు గుంత కొత్తగా తవ్విస్తాను. నాకు కూలి వద్దు. సామానుకు మన పూర్వ విద్యార్థులు తలా కొంత వేస్తే చాలు. రెండు రోజుల పని. మెయిన్ ఆపాల్సి ఉంటుంది కాబట్టి పిల్లలు లేనప్పుడే చేయాలి. 1997 టెన్త్ బ్యాచ్‌లో నా పక్కన పడుకున్న మిత్రుడు ఈ మధ్య మేస్త్రీ పని చేస్తున్నాడని విన్నాను. ఎర్తు గుంత తవ్వడానికి అతను వస్తే, ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే భోజనం.